కుక్క పీనియల్ గ్రంథి, మా అమ్మ చెయ్యి

మొన్న అరసవల్లిలో మా ఇంటికొచ్చిన మనవరాలు, పశువైద్యం మొదటి ఏడు చదువుతున్న పిల్ల, ఫోనులో కుక్క మెదడును గిర్రున తిప్పి, ఎర్రరంగు పూసిన చుక్క మీద వేలుపెట్టి, పీనియల్ గ్రంథి ఇదే అమ్మమ్మా అని చూపిస్తే, మురిసిపోవాల్సింది పోయి నాకు నలభై అయిదేళ్ల నాటి కోపం మళ్లీ రాజుకుంది.

మాది శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డున పల్లె. నాన్న వేటకెళ్లేవాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని టౌను వీధుల్లో అమ్మేది. పశువైద్య కాలేజీలో సీటొచ్చిననాడే, ఒక్క పరీక్ష తప్పినా చదువు మాన్పించి పెళ్లి చేసేస్తానని నాన్న తేల్చి చెప్పాడు. శరీర నిర్మాణం చెప్పే మాస్టారికేమో నా దగ్గర నీచు వాసన వస్తుందని అనుమానం, అందుకని నన్ను ఎప్పుడూ చివరి బల్ల దగ్గరే నిలబెట్టేవారు.

ప్రాక్టికల్ పరీక్షనాడు నాకు కుక్క తల వచ్చింది, అందులో పీనియల్ గ్రంథి తీసి చూపించమన్నారు. ఎద్దుకైతే ఆ గ్రంథి కంటికి బాగానే ఆనుతుంది గానీ, కుక్కకు వడ్లగింజలో సగమైనా ఉండదు. పెద్దమెదడు రెండు సగాల కింద, వెనకవైపు, సరిగ్గా నడిమధ్యన దాక్కుని ఉంటుంది. పుర్రె పైచిప్ప తీశాను, పొరలు ఒలిచాను, సగాలు విడదీసి చూద్దును కదా, అక్కడ ఏమీ లేదు. మాస్టారు వంగి చూసి, చేపలు కోసే చెయ్యి కదా, కోసి పారేసి ఉంటుందని నలుగురూ వినేలా అని, కాగితం మీద సున్నా చుట్టబోయారు.

ఏడుపు రావాల్సిన చోట నాకు అమ్మ గుర్తొచ్చింది. చేపలు బాగుచేశాక అమ్మ చెత్తను అలాగే పారబోసేది కాదు, జన ముక్క, అదే చేపగుడ్ల ముక్క, ఏదైనా అందులో పోతుందేమోనని పొరలన్నీ వేళ్లతో నలిపి చూసేది. నేను విసుక్కుంటే, "ఒసే గుంటా, పారబోసే ముందు ఓపాలి తడిమి సూడు, పొరకంటుకుని పోతాది" అనేది.

మాస్టారిని ఆగమన్నాను. ఆయన్ని ఆగమన్న ఆడపిల్ల అంతకుముందు ఆ కాలేజీలో లేదట! ట్రేలో పడేసిన పొరలను నీళ్లలో పరిచి తడిమితే, నెత్తురు నాళం పక్కన చిన్న బూడిదరంగు గింజ వేలికి తగిలింది. నేను పొర లాగినప్పుడు దాంతోపాటే ఊడొచ్చేసింది, తప్పు నాదే. మెదడు మీద అది ఊడిన చోటు కూడా చూపించాను. మాస్టారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు, సున్నా చుట్టలేదు.

మరుసటి ఏడు నుంచి, పొరలు పారెయ్యకండి, తడిమి చూడండి అని ఆయనే కొత్తపిల్లలకు సొంత తెలివిలా చెప్పుకొచ్చారు. నేను మాత్రం, తర్వాత నేనూ కాలేజీలో పాఠం చెప్పినన్నాళ్లూ, ఇది చేపలమ్మిన మా అమ్మ నేర్పిన పని అనే చెప్పాను. నవ్వినవాళ్లను నవ్వనిచ్చాను.

ఇప్పుడు ఫోనులో ఆ గ్రంథి ఉండాల్సిన చోటే ఉంటుంది, ఊడదు, పోదు, వెతకడానికి చెయ్యి తడవనక్కర్లేదు. చదువు సులువైనందుకు సంతోషమే గానీ, అమ్మ వేళ్లకు తెలిసింది నాతోనే పోతుందేమోనని బెంగ పట్టుకుంది. అందుకే నిన్న చేపలు తెప్పించి, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, తీసిన పొరలన్నీ దాని దోసిట్లో పోశాను. చేతులు నీచు వాసనొస్తాయి అమ్మమ్మా అంది.

రానీ అన్నాను.