పట్టుకు ముక్కుంటది

మా మేనత్త పోయింది. పోయిన నెల హైదరాబాద్ దవాఖానా వాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మంటే తెస్తున్నాం. దారిలో చౌటుప్పల్ ఇంకా రాకముందే, అంబులెన్సులోనే ఊపిరి ఆగిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "పోనీ, బాధ తీరింది" అన్నారు. ఎవరి బాధ తీరిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కడుపులో కాన్సర్. చివరి రోజుల్లో చెంచాడు జావ కూడా నిలవలేదు. మా అందరికీ కడుపునిండా వండిపెట్టిన మనిషి ఆకలితో పోయింది.

వాళ్లది నేత ఇల్లు. ముందరి అర్రలో మగ్గం, దాని మీద మామ నేసే పట్టుచీర. వెనకే వంట పొయ్యి. మధ్యలో సగం గోడ. కొత్త కోడలిగా వచ్చిన ఏడాది అత్త చెరువు చేపలు తెచ్చి నూనెలో ఎర్రగా వేయించిందట. పట్టు ఇచ్చి నేయించుకునే సావుకారి చీరను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మామ ఒళ్లోకి విసిరేశాడట. "గిది గట్టుకుంటె పెండ్లికి పోయినట్టుండాలె గని, చేపల అంగడికి పోయినట్టుండాల్నా?" అన్నాడట. అప్పటి నుంచి ఆ ఇంట్లో చేప వేగలేదు. "పట్టుకు ముక్కుంటది బిడ్డా. మనకన్న ముందుగాల అదే వాసన గుంజుకుంటది" అనేది అత్త.

తర్వాత కొన్నేళ్లు మస్కట్‌లో ఒక పెద్దింట్లో వంటకు పోయింది. తెలంగాణ వచ్చిన ఏడాదే తిరిగొచ్చింది. ఆ వంటింట్లో ఆమెతో పాటు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినామె ఒకతె ఉండేదట. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరోజు ఆమె చేపలచారులోకి చింతపండు పిసుకుతుంటే చూసి మా అత్త ఏడ్చిందట. "గంత దూరపు దేశపామె గూడ మన లెక్కనే పిసుకుతాందే అనిపించింది. ఇల్లు యాదికొచ్చింది" అని చెప్పేది. ఆ చారులో నూనె లేదు, పోపు లేదు, వేపుడు వాసన అసలే లేదు. మగ్గమున్న ఇంటికి అంతకంటే ఏం కావాలి?

నేను రోజూ హైదరాబాద్‌కు బస్సులో పోయి ఉద్యోగం చేసి వచ్చేదాన్ని. శనివారం వచ్చేటప్పుడు మంచులో పెట్టిన సముద్రపు రొయ్యలో, చందువా చేపలో అత్త ఇంటికి పట్టుకొచ్చేదాన్ని. సంచిలోంచి నీళ్లు కారుతుంటే కండక్టర్ నన్ను తిట్టని వారం లేదు. అత్త మాత్రం గుమ్మంలోనే ఎదురొచ్చి సంచి లాక్కునేది.

రొయ్యలైతే ఆ చారే పెట్టేది: మరిగే నీళ్లలో ఉల్లిగడ్డ, టమాట, ముల్లంగి ముక్కలు, చింతపండు పులుసు. చివర్లో రొయ్యలు, పైన గుప్పెడు పాలకూర. "రొయ్య ముడుసుకోంగనే దించాలె. జర ఆలిస్యమైతె రబ్బరే" అనేది. చందువాకైతే వెల్లుల్లి, మిరియాలు, మస్కట్ పద్ధతిలో ఎండిన నిమ్మకాయ పొడి పట్టించి, మోదుగాకుల్లో చుట్టి, ఇడ్లీ గిన్నెలో ఆవిరి పెట్టేది. మూత అంచుకు తడిపిండి మెత్తేది, ఆవిరి బయటకు పోకుండా. ఆ నిమ్మకాయలను ఉప్పునీళ్లలో ఉడికించి డాబా మీద నల్లగా ఎండబెడితే, పక్కింటామె "ఎవరికి దిష్టి తీసినవక్కా?" అని భయపడింది. అత్త నవ్వి ఆమెకూ ఒక చేప ముక్క పెట్టింది. "ఎవరి తాన నేర్సుకున్నా, మన పొయ్యెక్కినంక మనదే" అనేది.

కొన్నేళ్ల కింద సావుకారి పట్టు ఇవ్వడం మానేశాడు. మామ మందుల కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. మగ్గం మీద పాత దుప్పటి కప్పారు. అయినా అత్త మూతకు పిండి మెత్తుతూనే ఉంది.

"ఇంకెందుకత్తా గీ తిప్పలు? మగ్గం ఖాళీనే ఉంది గద" అన్నాను ఒకసారి.

"రేపు పట్టొస్తె? గోడలకు బట్టిన వాసన ఒక్కదినంల పోతదా?"

పట్టు రాదని ఊరంతటికీ తెలుసు. మామకూ తెలుసు. ఆమె ముందు మాత్రం ఎవరూ ఆ మాట అనలేదు. ఆ తడిపిండి ముద్దే ఆ ఇంట్లో మిగిలిన ఆశ.

చివరిసారి దవాఖానాకు పోయే ముందు ఆదివారం, మంచంలోంచే నన్ను పిలిచింది.

"చేపలు నూనెల వేంచు బిడ్డా. వాసన వాడకట్టంత పోవాలె."

నేను మగ్గం వైపు చూశాను. ఆమె అటు చూడలేదు.

"ఇగ దాని మీదికి పట్టొచ్చేది లేదు. నేను జూసేది లేదు. వేంచు."

మామ లేచి బయటికి వెళ్లిపోయాడు. నేను వేయించాను. నూనె చిట్లి చేతి మీద పడింది. ఇల్లంతా పొగ, వాసన. అత్త ఒక ముక్క పెదాల దాకా తీసుకెళ్లి, మళ్లీ పళ్లెంలో పెట్టేసింది. "మంచిగనే వేంచినవ్" అంది. డాక్టర్లు చెప్పినప్పుడు కాదు, ఆ రోజే ఆమె నాకు లేకుండా పోయింది. అప్పటి నుంచి నేను చేప ముట్టలేదు. ముట్టాలనీ లేదు.

దినాలయ్యాక మామ పెట్టె తెరిచి, అత్త కోసం తాను నేసిన ఒకే ఒక్క పట్టుచీర తీసి నా చేతుల్లో పెట్టాడు. ఏవో రెండు పెళ్లిళ్లకు కట్టి, నీడలో ఆరబెట్టి దాచుకున్నది.

"నువ్వే ఉంచుకో. మీ అత్తది" అన్నాడు.

ఇంటికి తెచ్చుకుని, తలుపు వేసుకుని, మడత విప్పి ముఖానికి అదుముకున్నాను. పట్టుకు ముక్కుంటుందని అంది కదా, ఏదో ఒకటి దాచి ఉంటుందనుకున్నాను. చింతపండు లేదు, నిమ్మకాయ లేదు. ఆమె ఒంటి వాసన కూడా లేదు. అంత జాగ్రత్తగా కాపాడుకుంది. మడతలన్నీ విప్పి ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికాను. ఉత్త పట్టే ఉంది.