హెల్మెట్ పెట్టుకుని విశ్రాంతి

ఈ రోజు మా జంషెడ్‌పూర్ కాలేజీలో ఎమ్మే ఎకనామిక్స్ వైవా. నా విద్యార్థిని పద్మ తన ప్రాజెక్టు రిపోర్టులో నిరుద్యోగం మీద రెండు నమూనాలను పోల్చింది. అందరూ పాఠంగా చెప్పే నమూనా ప్రకారం పని లేనివాడు విశ్రాంతిని ఎంచుకున్నాడు. రెండోదాని ప్రకారం సరుక్కి గిరాకీ లేక కంపెనీయే అతన్ని పనిలోంచి తీసేసింది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ రెండో నమూనా ఉన్న అధ్యాయం కొట్టేయమన్నాడు. అదసలు ఎకనామిక్సే కాదట!

బయటికొచ్చాక పద్మ అడిగింది: "మేడమ్, స్టీలు కంపెనీలో మా నాన్న గేట్‌పాస్ బంద్ అయిపోనాది. అయినా రోజూ పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని గేటు కాడ నిలబడతన్నాడు, ఏ కాంట్రాక్టరైనా పిలుత్తాడేమోనని. ఆయన ఏటి ఎంచుకున్నట్టు?"

నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ లోపలికెళ్లి, ఆ అధ్యాయం తీసేస్తే గైడుగా సంతకం పెట్టనని చెప్పి వచ్చేశాను.

హెల్మెట్ పెట్టుకుని విశ్రాంతి తీసుకునేవాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూసుంటే ఫొటో పెట్టండి, ఆ ఎగ్జామినర్ పెద్దమనిషికి పంపిస్తాను.