మూడు గోడల ఇల్లు

ఫిల్మ్ నగర్ బండల మీద మాకో స్థలం ఉంది. ఉంది అనడానికి ఇప్పుడు కోర్టు ఒప్పుకోవాలి. సినిమాలకు సెట్లు వేస్తూ, మోతీనగర్‌లో అద్దెకుంటూ, మా ఆవిడ పోరు పడలేక కొన్న స్థలమది. హీరోలందరికీ రాజభవనాలు కట్టాను, ఆవిడకి సొంత వంటగది మాత్రం కట్టలేకపోయాను.

కంచె వేయిద్దామని వెళ్తే, అక్కడ ఓ పెద్దమనిషి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నాకు టీ కూడా తెప్పించాడు.

"అన్నా, గీ జాగ మా తాతది. నువ్వు ఎవరి తాన కొన్నవో గని, మా తాన గాదు" అన్నాడు.

ఆయన దగ్గరా రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయి. ప్రభుత్వ ముద్ర ఇద్దరికీ సమానంగానే పడింది, పక్షపాతమేమీ లేదు.

మా వకీలుగారు నా పత్రాలు చూసి సంతోషించారు. "తేదీ మనదే ముందండీ. కాకపోతే స్థలం మీ స్వాధీనంలో ఉన్నట్టు కనబడాలి. ఓ గది లేపేయండి" అన్నారు. ఈ ఊళ్ళో అలాంటి గదులు శుక్రవారం కోర్టు మూశాక మొలుస్తాయి, సోమవారం తెరిచేసరికి పాతబడి ఉంటాయి. నాకదో లెక్కా? షూటింగ్‌లో ఉండి మా సెట్టు మేస్త్రీకి ఫోన్ చేసి చెప్పాను. సోమవారానికి గది సిద్ధం. వెలిసిన సున్నం, తుప్పు పట్టిన కిటికీ, మూలల్లో నాచు. రోడ్డు మీంచి చూసి మురిసిపోయాను.

స్థలం పరిశీలించడానికి కోర్టు ఓ కమిషనర్‌ని పంపింది. ఆయన ముందు నుంచి ఫోటోలు తీసుకుని, తలుపు తోసి లోపలికెళ్ళాడు. ఎదురుగా టోలిచౌకి మేడలు కనిపించేసరికి ఆగిపోయాడు.

"గిదేంది సార్, వెనకాల గోడేది?"

నేను నోరు తెరిచేలోపే, నా వెంట వచ్చిన మా మేస్త్రీ నొచ్చుకున్నాడు. "అక్కడా గోడ పెడితే కెమెరా ఎక్కడ పెడతారండీ?"

సిగ్గుతో చచ్చిపోయాను. కమిషనర్ ఆ మాట కూడా నివేదికలో రాశాడు.

వాయిదా రోజున అవతలి వకీలు నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగాడు. "మీ పత్రాలు నిజమైనవే అయితే, ఉత్తుత్తి ఇల్లు ఎందుకు వేయించారండీ?"

మా వకీలుగారు లేచి గడువు కోరారు. జడ్జిగారు ఇచ్చారు.

ఇంటికొచ్చాక మా ఆవిడా అదే ప్రశ్న అడిగింది. అక్కడ మాత్రం గడువు దొరకలేదు.