లస్కరు చిట్టియ్య మంచు లెక్క

మా తమ్ముడు చిట్టియ్య ఉద్యోగమంతా పాలకొల్లు దగ్గర కాలువ లాకు మీదే గడిచింది. లస్కరు పని. పైనుంచి కబురొస్తే తలుపులు ఎత్తడం, మళ్ళీ కబురొస్తే దించడం. మనిషి పొట్టి, మాట తక్కువ, మొండితనం మాత్రం ఇద్దరికి సరిపోను. అందులో సగం అక్కకు రావలసిందని ఊళ్ళోవాళ్ళు అంటారు. నా వాటా నాకు వేరే ఉందని వాళ్ళకు తెలియదు.

వాడికి రిటైరయ్యాక ఒక కోరిక పుట్టింది. మంచు కొండ మీద, కాళ్ళకు పొడుగాటి పలకలు బిగించుకుని జారాలట. దాన్ని స్కీయింగ్ అంటారు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, నేనూ నవ్వినదాన్నే.

ఆ కోరిక ఊరికే పుట్టింది కాదు. ట్రాక్టర్లు రాని రోజుల్లో, దమ్ము చేసిన చేను చదును చేయడానికి ఎడ్ల వెనక బరువైన పలక కట్టేవారు. దాని మీద మనిషి నిలబడితే ఎడ్లు లాగుతాయి, పలక బురద మీద జారుతుంది. కాలు తడబడితే ముఖం బురదలోనే. మా పేటలో చిట్టియ్యంత తీరుగా నిలబడేవాడు లేడు. అందుకని టీవీలో స్కీయింగ్ చూసిన రోజు నన్ను కేకేసి పిలిచాడు.

"అక్కా, ఇది మన పలకే. ఎడ్లు లేవంతే."

"ఎడ్లు లేకపోతే లాగేదెవరురా?"

"కొండే లాగుద్ది."

అప్పటికే వాడి కుడి మోకాలు అరిగిపోయింది. ఫిబ్రవరిలో ఆపరేషన్ చేద్దామని రాజమండ్రిలో డాక్టరుగారు చెప్పారు. ఆ తర్వాత నడవవచ్చు, మెట్లెక్కవచ్చు, జారడం దూకడం వంటివి మాత్రం మరచిపోవాలన్నారు. అంటే వాడికి మిగిలింది ఆ ఒక్క చలికాలమే. ఆ చలికాలంలో ఏ వారం వెళితే కాళ్ళ కింద మంచు ఉంటుంది? వాడి ప్రాణం దాని మీదే ఉండిపోయింది.

వాడి కూతురు వినీల నిడదవోలులో టీచరు. హిమాలయాల్లో ఒక ఊరు చూసిపెట్టింది. ఆ ఊరి పేరు మేం ముగ్గురం మూడు రకాలుగా పలుకుతాం కనుక ఇక్కడ రాయడం లేదు. అక్కడ గత పదేళ్ళలో ఏ వారం ఎంత మంచు పడిందో ఫోనులో వెతికి వినీల చదువుతుంటే, వీడు వసారా గోడ మీద సుద్దముక్కతో గీతలు గీశాడు. లాకు దగ్గర నీటిమట్టం చూసే గేజీ ఎలా ఉంటుందో అలాగే గీశాడు. క్రిస్మస్‌కని కొత్తగా సున్నం వేయించిన గోడ అది. అన్నీ కూడాడు, భాగించాడు. జనవరి మొదటి వారం తేలింది.

మా ఎదురింటి జ్ఞానప్రకాశంగారు మిలటరీలో ఉండగా ఆ కొండల్లోనే కాపలా కాశారు. గోడ చూడటానికి ఆయనా వచ్చారు.

"తొందరపడకండి చిట్టియ్యగారూ. ఈమధ్య మంచు ఆలస్యంగా పడుతోందండి. చివరి ఏళ్ళ గీతలు చూడండి, జనవరిలో ఎంత పొట్టిగా ఉన్నాయో."

"ఆ ముందు గీత పొడుగ్గా ఉంది కదండి. అన్నీ కలిపి భాగిస్తే మోకాలెత్తు వస్తంది."

"భాగిస్తే వస్తుందండి. పడాలి కదా!"

"లెక్క ప్రకారం పడాలండి."

వాడిని అనడానికి లేదు. మేం గోదావరి కాలవల కింద పుట్టినవాళ్ళం. వాన కోసం ఆకాశం వంక చూసే అలవాటు మాకు తక్కువ. ఫలానా తారీఖున నీళ్ళు వదులుతామంటారు, ఆ తారీఖుకు నారుమడి సిద్ధం చేసుకుంటాం. ఆలస్యమైతే ధవళేశ్వరం ఆఫీసును తిడతాం గాని దేవుణ్ణి అనం. వాన నమ్ముకున్న మెట్ట రైతు ఆ గోడ చూసి ఉంటే నమ్మేవాడు కాదు. చిట్టియ్య మాత్రం మంచుకు కూడా పైన ఎక్కడో ఒక లాకు ఉందనే అనుకున్నాడు. అన్నేళ్ళు తారీఖుకు తలుపులెత్తిన చెయ్యి మరి.

కొత్త సంవత్సరం ఆరాధన కాగానే వాడూ, వినీలా, నేనూ రైలెక్కాం. నేనెందుకంటే, వాడు పడితే తిట్టడానికి ఒక మనిషి ఉండాలి.

తీరా వెళ్ళి చూస్తే కొండ నిండా ఎండుగడ్డి. చలి మాత్రం ఎముకలు కొరికేస్తోంది. స్కీయింగ్ నేర్పే కుర్రాడు జేబుల్లోంచి చేతులు కూడా తీయకుండా హిందీలో ఏదో చెప్పాడు.

"ఇంకా పడలేదంట నాన్నా," అంది వినీల.

"ఎప్పుడు వదుల్తారో అడగమ్మా."

వినీల ఒక్క క్షణం తండ్రి వంక చూసింది. నవ్వొచ్చే మాటే, కానీ నవ్వలేదు.

"వదిలేవాళ్ళెవరూ లేరు నాన్నా."

చిట్టియ్య ఉన్నన్ని రోజులూ పొద్దున్నే మఫ్లరు చుట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి కొండ చూసి వచ్చేవాడు. అదే గడ్డి. వచ్చే ముందు రోజు నేనే ఉండబట్టలేక అన్నాను.

"ఒరేయ్, ఒక ఏడు పీకల్దాకా తిని, ఇంకో ఏడు పస్తుంటే, రెండేళ్ళూ కడుపు నిండినట్టు కాదురా. నువ్వు గోడ మీద తేల్చిన మంచు ఏ ఏడూ పడలేదు."

"ఆ ముక్క ఇంటి దగ్గర చెప్పొచ్చు కదా!"

"నన్నడిగావా?"

ఇంటికొచ్చాక రెండు రోజులు వసారా వైపే రాలేదు. మూడోనాడు తడిగుడ్డ పెట్టి గోడ మీద కూడికలన్నీ తుడిచేశాడు, గీతలు మాత్రం ఉంచాడు. వాటి ముందు కుర్చీ వేసుకుని, మోకాలు స్టూలు మీద పెట్టుకుని, వినీలకు ఫోను చేశాడు.

"పడిన మంచు కాదమ్మా, నేల మీద నిలిచిన మంచు చెప్పు. ఏ ఏడు ఎప్పటిదాకా నిలిచిందో."

ఈసారి కూడలేదు, భాగించలేదు. ఒక్కో ఏడూ విడిగా చూసుకున్నాడు. కొన్నేళ్ళు దండిగా ఉంది, కొన్నేళ్ళు పల్చగా ఉంది. ఫిబ్రవరి ఆఖర్లో మాత్రం గోడ మీదున్న ఏ ఏడూ ఉత్తి నేల లేదు.

"ఎంత ఉంటదో చెప్పలేనక్కా. అసలంటూ ఉంటదనిపిస్తంది."

"ఈ ఏడు లేకపోతే?"

"లేకపోవచ్చు," అన్నాడు.

వాడి నోట అలాంటి మాట నేనెన్నడూ వినలేదు. తలుపు ఎత్తితే నీళ్ళొస్తాయి, దించితే ఆగుతాయి అని బతికినవాడు. ఆ ఒక్క మాట అనడానికి వాడికి అంత వయసు పట్టింది.

ఆపరేషన్ వాయిదా వేయమని అడగడానికి వెళితే డాక్టరుగారు ఎగాదిగా చూసి, "మీ ఇష్టమండి. అరగడానికి ఆ మోకాలిలో ఇంకేం మిగల్లేదు," అన్నారు. ఈస్టరు ముందు ఉపవాసాలుండే శ్రమకాలంలో విహారమేంటని నేనన్నాను. "విహారమేంటక్కా, పడి దెబ్బలు తినడానికేగా," అన్నాడు. వినీల సెలవు పొడిగించుకోవచ్చని హెడ్‌మాస్టరుగారి దగ్గర ముందే మాట తీసుకుంది. తిరుగు టికెట్లు తీయలేదు. మంచు ఎప్పుడు కుదిరితే అప్పుడే పని అని వాడే చెప్పాడు.

ఈసారి కొండ తెల్లగానే ఉంది. కానీ రాయిలా గట్టిపడిన పాత మంచు. దాని మీద ఈ మోకాలితో వద్దన్నాడు కుర్రాడు. చిట్టియ్య వాదించలేదు. గదిలో కూర్చుని టీ తాగుతూ కిటికీలోంచి ఆకాశం చూశాడు. మర్నాడూ చూశాడు. ఆ తర్వాతి రోజు తెల్లవారేసరికి పాత మంచు మీద పిండి జల్లించినట్టు కొత్త మంచు పరుచుకుని ఉంది.

కుర్రాడు వాడి బూట్లకు పలకలు బిగించి, చంటిపిల్లలు నేర్చుకునే వాలు దగ్గర నిలబెట్టాడు. చిట్టియ్య ఒళ్ళు వెనక్కి వాల్చాడు. మరుక్షణం వెల్లకిలా పడ్డాడు. ఎడ్లు లాగేటప్పుడు వెనక్కి వాలాలి, ఇక్కడ ముందుకు వంగాలట. మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు. పడ్డ ప్రతిసారీ నేను తిడుతూనే ఉన్నాను. నా తెలుగు ఆ కుర్రాడికి రాకపోవడం మంచిదయింది.

తర్వాత ఒకసారి పడలేదు.

నెమ్మదిగా బయలుదేరాడు. నా పక్కనుంచే వెళ్ళాడు, నా వంక చూడలేదు. ముఖంలో నవ్వు లేదు, భయం లేదు, లాకు తలుపు ఎత్తేటప్పుడు ఉండే ముఖమే. వాలు ఎక్కడ చదునయిందో అక్కడ పలకలు వాటంతట అవే ఆగాయి. వాడు అటు తిరిగి, వంగిన మోకాళ్ళతో అలాగే నిలబడి ఉన్నాడు.

వినీల పరుగెత్తబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"నొప్పేమో అత్తా!"

"నొప్పే అయ్యుంటది. ఉండనీవే కాసేపు."

వాడంతట వాడు ఇటు తిరిగేదాకా ఇద్దరం ఆ చలిలో అలాగే నిలబడ్డాం.