తడికల వెనక మాటలు

వాన వెలిసిందని నిన్న మునిసిపాలిటీ వాళ్ళు వీధి కాలువల పక్కన బ్లీచింగ్ పౌడరు చల్లి పోయారు. ఆ ఘాటుకు మా మనవరాలు తలుపులు బిడాయించుకుంది గానీ, నేను మాత్రం కుర్చీ వరండాలోకి లాక్కుని కూర్చున్నాను, చిన్న వయసులో కొన్నాళ్ళు నాకు తోడున్నది ఆ వాసనొక్కటే మరి.

డెబ్బైల్లో తుంగభద్ర పొంగి మాధవరం వైపు ఇళ్ళు మునిగితే, ఆ జనాన్ని ఎమ్మిగనూరు బయట బీడులో గుడారాలు వేసి ఉంచారు. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన నర్సునని నన్ను అక్కడ వేశారు. డాక్టరుగారు ఆదోని నుంచి వారానికోసారి వచ్చేవారు, మిగతా రోజులన్నీ నేనూ, నా గుడారమూ, చుట్టూ చల్లించిన బ్లీచింగ్ వాసనా. నా యాసకు ఆడపిల్లలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. అన్నం ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది.

ఇంతలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. పక్క గుడారంలో పసివాడు వడిలిపోయాడు, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో పోస్తూ వాడు దక్కుతాడో లేదోనని వణికిపోయేదాన్ని. అందరూ తాగేది పక్కనే పారే వంక నీళ్ళే, ఆడవాళ్ళు బయటికి వెళ్ళేదీ ఆ వంక గట్టుకే. ఒక్కరే పట్టేలా విడివిడిగా తడికలు కట్టి వేయించిన మరుగుదొడ్లు మాత్రం ఖాళీ. బతిమాలాను, కోప్పడ్డాను, ఊహూ! చివరికి పసివాడి నాయనమ్మ, అందరూ దాదీ అని పిలిచే ఆవిడ, నా మీద జాలిపడి నోరు విప్పింది.

"ఒక్కొక్కరినీ డబ్బాలో పెట్టి మూసినట్ల కడితే యెట్ల పోతారమ్మా? మాట్లాడుకునేది యాడ?"

గుంపుగా వెళ్ళే ఆ కాసేపే వాళ్ళకున్న తీరిక. అత్తల మీద చాడీలూ, మునిగిన ఇంటి మీద ఏడుపూ అన్నీ అక్కడే. మర్నాడే మధ్య తడికలు పీకించి, చుట్టూ మాత్రం ఎత్తుగా కట్టించి, పొడుగ్గా ఒకే వరస చేయించాను. డాక్టరుగారు ముఖం చిట్లించారు గానీ వద్దనలేదు. ఆ సాయంత్రమే చెంబులు పట్టుకుని అందరూ బారుగా వచ్చారు. మెల్లగా విరేచనాలు తగ్గాయి, పసివాడు మళ్ళీ పాలు తాగాడు.

నేను సంతోషించాల్సిందే. కానీ పొద్దుగూకేవేళ ఆ తడికల వెనక నవ్వులు వినబడుతుంటే, కట్టించినదాన్ని నేనే అయినా నాకక్కడ చోటు లేదే అని దిగులు ముంచుకొచ్చేది. నర్సమ్మను ఎవరు పిలుస్తారు? ఒకనాడు దాదీయే నా గుడారం ముందు ఆగింది.

"రా బేటీ, ఒక్కదానివే యెంతసేపని కూసుంటావు?"

సిగ్గుతో చచ్చిపోతూ వెళ్ళాను. మా అమ్మ పోయిందని, ఆ ఏడాదంతా ఎవరికీ చెప్పుకోని మాట, ఆ మసక చీకట్లో చెప్పేశాను. పక్కనున్న ఎవరిదో చెయ్యి నా చెయ్యి పట్టుకుంది, ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

వరద తీశాక వాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఇప్పుడు ఇంటింటికీ మరుగుదొడ్డి వచ్చింది, మంచిదే, నా ఉద్యోగమంతా ఊరూరా తిరిగి గొంతు చించుకున్నది అందుకే కదా. కానీ లోపల గొళ్ళెం పెట్టుకున్నాక, ఆ ఆడవాళ్ళు తమ ఏడుపులు ఎవరితో చెప్పుకుంటున్నారో!