వడియాలకు కావలి

ఫాల్గుణం, సోమవారం. తెల్లారి మబ్బు, పొద్దెక్కినాక ఎండ. బావి గిలకకు నూనె వేశాను.

మా గోడ పక్క ఇంటి సారు చనిపోయారు. నిద్రలోనే పోయారని పెద్దమ్మ, అంటే ఆయన భార్య, చెప్పింది. నిన్నటితో పెద్దకర్మ కూడా అయింది. లాలాపేట్ బడిలో ఆయన దగ్గర తెలుగు చదువుకున్నవాళ్లు, నాచారంలో ఆయన పద్యాలు విన్నవాళ్లు నన్ను నాలుగు మాటలు రాయమన్నారు. రోజూ లెక్క రాసుకోవడం తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు. బడికి పోకుండా, దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు పట్టుకున్నవాణ్ణి. తప్పులుంటే సారు దిద్దేవారు. ఇప్పుడు మీరే దిద్దుకోవాలి.

ఆయన సూర్యుడి మీద శతకం మొదలుపెట్టిన ఏడాదే చూపు మందగించింది. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి నేనే కంటి దవాఖానాకు తీసుకుపోయాను. నరం ఎండిపోయిందనీ, ఇక చూపు రాదనీ డాక్టరు చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సారు ఒక్కటే అడిగారు.

"ఎండ ఏ దిక్కున్నది? అటు కూసుందాం."

చూపు పూర్తిగా పోయాక ఆయన చెబుతుంటే నేను రాసేవాణ్ణి. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వాళ్ల అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఎండ ఏ చెంప మీద పడుతోందో పోల్చుకుని పొద్దు చెప్పేవారు. "ఆయన కుడి చెంపకొచ్చిండు, ఇగ నువ్వు చాయ్ తాగు" అనేవారు. వేసవిలో పెద్దమ్మ వడియాలు పెడితే కాకుల కావలి సారుదే. పక్కన కర్ర ఉండేది, కానీ రెక్కల చప్పుడు వినగానే గొంతెత్తి పద్యం అందుకునేవారు.

"సూసినవా, ఒక్కటన్న వాలిందా?" అని మురిసిపోయేవారు.

"మీ పద్యాలకు మనుషులే లేసి పోతరు, కాకులెంత!" అనేది పెద్దమ్మ లోపల్నుంచి.

అట్లా నవ్వే పెద్దమ్మే, నూరో పద్యం దగ్గర మాత్రం పట్టు విడవలేదు. శతకం ముగిసేటప్పుడు సూర్యుణ్ణి అడిగితే కండ్లొస్తాయని ఆమె నమ్మకం. ఆదివారాలు ఉప్పు మానేసింది. తొంభైతొమ్మిది పద్యాలయ్యాక సారు ఆగిపోయారు.

"అడుగుతె మీ సొమ్మేం పోతది?"

"అడిగినంక ఇయ్యకుంటే నువ్వు మళ్ల ఆయన మొఖం సూస్తవా?"

ఆమె లేచి లోపలికి పోయింది. ఆ వేసవంతా వాళ్లింట్లో ఆ ఒక్క పద్యం ముందుకు సాగలేదు. నేను కాగితం పట్టుకుపోయి ఖాళీగా తిరిగొచ్చేవాణ్ణి.

ఒకనాడు వడియాలు పెట్టిన కాసేపటికే ఉప్పల్ దిక్కు నుంచి మబ్బు కమ్మింది. పెద్దమ్మ వడియాలు పెట్టిన పాత చీర కొసలు పట్టుకుని గాబరా పడుతోంది. సారు ఆకాశం వైపు మొహం ఎత్తి, "రాసుకో" అన్నారు.

కనుల నడుగనయ్య కాంత యెండగ బెట్టు
వడియములకు వాన వలదు నేడు
మబ్బు తొలగజేసి మధ్యాహ్న మెండిమ్ము
దిక్కు నీవె మాకు దినకరుండ!

పెద్దమ్మ చీర వదిలేసింది. "ఇదేనా నూరోది? దేవుణ్ణి ఎవరన్న వడియాలకు అడుగుతరా?"

"దినాం ఇచ్చేటిదే అడిగిన. నా కండ్ల కోసం ఆయనతోని పంచాయితీ పెట్టుకుంటే, నీ వడియాలు ఎవరు ఎండబెట్టాలె?"

అంతలోనే చినుకులు పడ్డాయి. ముగ్గురం చీర పట్టుకుని లోపలికి ఉరికాం. సగం వడియాలు పిండి ముద్దయ్యాయి. సారు తడిసిన తల తుడుచుకుంటూ, "ఇయ్యలేదు. రేపిస్తడు" అన్నారు. పెద్దమ్మ ముందు ఏడ్చింది. తర్వాత ఆయన మీసానికి అంటిన పిండి చూసి నవ్వింది. ఆ తర్వాత ఆమె చూపు సంగతి ఎత్తగా నేను వినలేదు. ఆదివారాలు ఉప్పు మాత్రం వేసుకోలేదు. ఎందుకని అడిగితే, "అలవాటైంది బిడ్డా. ఏం అడుగుతలేను" అంది.

ఇవాళ ఎండ వచ్చాక, పురుగు పడుతుందని పెద్దమ్మ నిరుటి వడియాలు తెచ్చి అరుగు ముందు చీర మీద పరిచింది. సారు కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు. కాసేపటికి ఒక కాకి వచ్చి చీర అంచున వాలింది. నేను గోడ ఇవతల నుంచి కర్ర ఎత్తాను.

"ఉండనీ బిడ్డా" అంది పెద్దమ్మ. "ఇన్నేండ్లు దగ్గరికి రానియ్యలేదు. ఇయ్యాల తిననీ."

కాకి ఒక వడియం నోట కరుచుకుని, ఎగిరిపోకుండా అక్కడే ఎండలో నిలబడింది. ఆమె కదలలేదు. నేను కర్ర దించాను. గిలక పని అయింది గానీ చేంతాడు ఇంకా మార్చాలి.