దాటకు

పదకొండు వారాలు మొదటి స్థానంలో నిలిచిన ఆ పాటలో పల్లవి అంతా ఒకటే మాట: ‘దాటకు’. వదిలి వెళ్తున్న ప్రియురాలిని గడప దాటవద్దని వేడుకోవడం అనుకుని జనం ఏడుస్తారు. ఆ మాట మొదట అన్నది మా అక్క, తొమ్మిది నెలల కూతురి ఊపిరితో.

అక్క ఆ పాట చేసిన బ్యాండులో డ్రమ్స్ వాయిస్తుంది. ఎంత హుషారులోనూ వేగం పెరగనివ్వదు కాబట్టి అందరూ ‘గడియారం’ అంటారు.

పాపకి దగ్గు ముదిరింది. నిమిషానికి యాభై ఊపిర్లు దాటితే వెంటనే తీసుకురమ్మన్నాడు డాక్టరు. మధ్యాహ్నం అక్క ఫోను.

“తొంభై రెండు వచ్చింది! వింటున్నావా?”

“ఎలా లెక్కపెట్టావ్?”

“లోపలికి ఒకటి, బయటికి ఒకటి.”

“రెండూ కలిపి ఒకటే అక్కా! నలభై ఆరు.”

డ్రమ్స్ మీద ప్రతి దెబ్బా లెక్కే మరి. నేను చదివింది జీవశాస్త్రం. పైగా అప్పటికి నాకు పిల్లలు లేరు. అందుకే అంత ధైర్యంగా చెప్పగలిగాను. అయినా యాభైకి మిగిలింది నాలుగే. పరిగెత్తాను.

వెళ్లేసరికి మంచం పక్కన అక్క సాధనకి వాడే తాళం యంత్రం, మెట్రోనోమ్, నిమిషానికి యాభై చొప్పున టక్, టక్‌మంటోంది. భయంతో అంకెలు తప్పిపోతున్నాయట. పాప ఛాతీ ఆ టక్కుల కన్నా వెనకబడినంత సేపూ ఫరవాలేదు. అక్క కళ్లార్పకుండా చూస్తూ, “దాటకు తల్లీ, దాటకు” అని సన్నగా లయలో అంటోంది.

రిహార్సల్‌కి రాలేదేమని గాయకుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “ఏంటి గడియారం, దానికప్పుడే తాళం నేర్పుతున్నావా?”

ఊపిరి లెక్క అని సైగ చేశాను. అతనూ వచ్చి మంచం పక్కన వింటూ కూర్చున్నాడు.

నాలుగవుతుండగా టక్ కన్నా ముందే ఛాతీ లేచింది. మళ్లీ లేచింది. పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుంటోంది. “దాటింది” అన్నాను. అక్క పాపని ఎత్తుకునేలోపే అతను కారు తీశాడు.

ఆరు రోజులు ఆక్సిజన్. పాప దక్కింది.

ఆ ఒక్క మాట మీదే అతను పాట కట్టాడు, వేగం సరిగ్గా నిమిషానికి యాభై దెబ్బలు. రికార్డింగులో చివరి చరణానికి అక్క చేతులు ఆమె మాట వినలేదు. గడియారం పరిగెత్తింది. “తప్పయింది, మళ్లీ వాయిస్తా” అంది, డ్రమ్ము పుల్లలు కింద పెట్టి. గాయకుడు ఒప్పుకోలేదు. జనం ఏడ్చేది అక్కడే.

పాపకిప్పుడు ఆరేళ్లు. ఆ పాటకి గంతులేస్తుంది. చివరి చరణం రాగానే అక్క ఏ పనిలో ఉన్నా వచ్చి దాని వీపు మీద చెయ్యి ఆనిస్తుంది.

“ఆయాసం వస్తుందే, మెల్లగా!”

“నువ్వే కదమ్మా స్పీడు పెంచింది!” అంటుందది, రొప్పుతూ.

అక్క చెయ్యి తియ్యదు. పెదవులు కదులుతుంటాయి. లోపలికీ బయటికీ కలిపి ఒకటి.